ఐదు శాతం లోపు కన్నం

తూముపేటకు కావలసింది ఒక కన్నం. పెద్దదేం కాదు, గోడ కింది వరసలో ఆరు ఇటుకలు ఊడదీస్తే సరిపోతుంది. గునపం చేతికిస్తే ఏ తాపీమేస్త్రీ అయినా చుట్ట కాల్చి పారేసేలోపు ముగించగల పని. అంత చిన్న పని కాబట్టే అది విశ్వవిద్యాలయం వారి చేతికి అందలేదు.

గోడ విశ్వవిద్యాలయానిది. దాన్ని కట్టకముందు తూముపేటలో పడిన వాన తూముపేటలో నిలిచేది కాదు. పల్లం చూసుకుని విశ్వవిద్యాలయం వారి ఖాళీ స్థలం మీదుగా వెళ్ళి పెద్దకాలువలో పడేది. ఆ ఖాళీ స్థలంలో 'సుస్థిర నగర, సాముదాయిక స్థితిస్థాపకతా అధ్యయన కేంద్రం' అనే భవనం లేచింది. దాని చుట్టూ ప్రహరీ లేచింది. ప్రహరీకి తూము పెట్టడం ఇంజినీరు మరిచిపోయాడు. నీళ్ళు మాత్రం దారి మరిచిపోలేదు. వానాకాలం రాగానే వచ్చి గోడకు ఆనుకుని నిలబడేవి, దారి లేదని తెలుసుకుని వెనక్కి తిరిగి నూటనలభైమూడు ఇళ్ళలోకి వెళ్ళి మూడురోజులు కూర్చునేవి.

గోడకు అవతల కేంద్రం వారు 'వాననీటి తోట' ఒకటి వేశారు. వాననీరు ఎటునుంచీ రాని చోట చూసి వేశారు గనుక దానికి వారానికి రెండు ట్యాంకర్ల నీళ్ళు తెప్పించేవారు.

తాతబ్బాయి ఆ కేంద్రంలో అటెండరు. ఆ పేటలోనే అరవై ఒకటో నంబరు ఇల్లు అతనిది. పగలు గోడకు అటు, రాత్రి ఇటు. అతని భార్య నూకరత్నం వీధి గదిలో గ్రైండరు పెట్టుకుని పేట మొత్తానికి ఇడ్లీపిండి, గారెలపిండి రుబ్బి ఇచ్చేది. నీళ్ళు వచ్చినప్పుడల్లా మొగుడూ పెళ్ళాం ఆ గ్రైండరును చెరోవైపు పట్టుకుని బల్ల మీదకు ఎత్తేవారు. రెండుసార్లు మోటారు తడిసి కాలిపోయింది. మూడోసారి కాలితే మళ్ళీ తీగ చుట్టించడానికి దానికిక ప్రాణం లేదని మెకానిక్కు చెప్పేశాడు.

కేంద్రం డైరెక్టరు ఆచార్య నిగమేశ్వరరావు చెడ్డవాడు కాడు. ఆయనకు సమస్యలంటే ప్రేమ. ఎక్కడైనా మంచి సమస్య కనిపిస్తే దాన్ని పోగొట్టుకోవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. తన గోడ పక్కనే ముంపు ఉందని తెలిసిన రోజున ఆయన ఎనభైనాలుగు ప్రశ్నలతో ఒక ప్రశ్నావళి తయారుచేసి, పరిశోధక విద్యార్థిని హిమజ చేతికిచ్చి పేటలోకి పంపాడు.

స్థితిస్థాపకత అంటే ఏమిటని నూకరత్నం మొగుణ్ణి అడిగింది. మీటింగుల్లో టీలు ఇస్తూ విన్నది గుర్తుచేసుకుని, రబ్బరులా ఎంత లాగినా తెగకుండా ఉండటమని తాతబ్బాయి చెప్పాడు.

"లాగేదెవరు మరి?" అంది నూకరత్నం.

ఆ ప్రశ్న ఎనభైనాలుగింటిలో లేదు. ముప్ఫైఏడో ప్రశ్న మాత్రం మంచిదే. ముంపు నివారణకు మీరు సూచించే పరిష్కారం ఏది? సాముదాయిక సంభాషణా, జ్ఞాన భాగస్వామ్యమా, హరిత దృక్పథమా, సాంస్కృతిక పునరుజ్జీవనమా, లేక ఇతరములా? ఒకటో నంబరు ఇంటావిడ ఇతరములు అంది. ఏమిటవి అని హిమజ అడిగితే, "గోడకి కన్నం పెట్టండమ్మా" అంది. రెండో ఇంట్లోనూ అదే మాట. హిమజ ఎండలో తొమ్మిది రోజులు తిరిగి, నూటనలభైమూడు ఇళ్ళలో నూటనలభైమూడుసార్లు, 'గోడకు కన్నం' అని రాసుకుంది. ఆ పిల్లకు ఎంత సంతోషమంటే, సమస్య తేలిపోయిందని తాతబ్బాయికి చెప్పి గోడ దగ్గర నిలబడి ఫొటో కూడా దిగింది.

సమీక్షా సమావేశంలో తాతబ్బాయి టీలు ఇస్తూండగా ఆచార్యులవారు ఆ కాగితాలు తిరగేసి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"నూటనలభైమూడు మంది, ఒకటే జవాబు. అంటే ప్రామాణిక విచలనం సున్నా. విచలనం లేనిచోట విశ్లేషణ లేదు. విశ్లేషణ లేనిచోట సమస్యే లేదు. ఇది సమాచారం కాదమ్మా హిమజా, ఇది నినాదం. ఎవరో కూర్చోబెట్టి వల్లె వేయించారు."

నిజంగానే అందరికీ కన్నమే కావాలేమో సార్ అని హిమజ గొణిగింది. సజీవ సమాజంలో అభిప్రాయ వైవిధ్యం సహజమనీ, అది లేనట్లు కనిపిస్తే లోపం సమాజంలో కాక సేకరణలో ఉంటుందనీ ఆయన సెలవిచ్చారు. పదిహేను రోజుల్లో వైవిధ్యం తీసుకురాకపోతే ఆమె పరిశోధన గడువు పొడిగించడం కుదరదని కూడా సెలవిచ్చారు. ఆ పిల్ల బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. తాతబ్బాయి మనసు ఆగలేదు. మంచినీళ్ళిచ్చి, వైవిధ్యం సంగతి తాను చూసుకుంటానన్నాడు.

ఆ ఆదివారం రామాలయం అరుగు మీద పేట సభ జరిగింది. సభకు పెద్ద గవర్రాజు మాస్టారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. వరసా క్రమమూ లేకపోతే ఆయనకు అన్నం సయించదు. అందరం ఒకే మాట చెబితే వాళ్ళ కంప్యూటరు పుచ్చుకోవడం లేదట, రకరకాలుగా చెబితే పుచ్చుకుంటుందట అని తాతబ్బాయి వివరించాడు. జనానికి అది వింతగా తోచలేదు. సర్కారీ కంప్యూటరు పేరులో ఒక్క పొల్లు తేడా వస్తేనే బియ్యం ఆపేస్తుంది, దానికి ఇలాంటి పట్టింపు ఉండటంలో ఆశ్చర్యమేముంది?

అభిప్రాయాలు ఎవరికి వాళ్ళు ఎంచుకుంటే కొట్లాటలవుతాయని, చీటీలు తీద్దామని మాస్టారు తేల్చారు. నెలనెలా ఆడవాళ్ళ చీటీపాటకు వాడే స్టీలు డబ్బా ఉండనే ఉంది. ఆయన ఇరవైమూడు రకాల అభిప్రాయాలు కనిపెట్టి చీటీలు రాశారు. పడవలు కావాలి. వాన కొంచెం తగ్గాలి. నిలిచిన నీటిలో చేపలు పెంచాలి. అమ్మవారికి మొక్కు బాకీ ఉంది, తీర్చాలి. స్తంభాలకు రంగు వేయాలి. మాకు అలవాటే, ఏమీ అక్కర్లేదు.

"కన్నం కూడా ఉండాలి మాస్టారూ, అసలు సంగతి అదే కదా" అన్నాడు తాతబ్బాయి.

"ఉంటుంది. ఏడు చీటీలు దానివే."

"ఎనిమిది వేయండి."

"ఎనిమిది శనిసంఖ్య. ఏడు కొండలవాడిది, ఏడే ఉండాలి" అన్నారు మాస్టారు. అందరూ సరేనన్నారు. ఆ ఒక్క చీటీ దగ్గరే పేట మునిగిందని అప్పటికి ఎవరికీ తెలియదు.

గుడి పంతులుగారికి చేపల పెంపకం వచ్చింది. ఆయన చెవులు మూసుకుని మార్చుకుంటానని బతిమాలినా, వరస తప్పడానికి వీల్లేదని మాస్టారు ఒప్పుకోలేదు. తాతబ్బాయి చీటీ విప్పి చూసుకున్నాడు. 'మాకు అలవాటే.' నవ్వి జేబులో వేసుకున్నాడు. హిమజ వచ్చినప్పుడు అదే చెప్పి, కింద సంతకం పెట్టాడు.

సంక్రాంతి దాటాక నివేదిక విడుదలైంది. విచలనం అద్భుతంగా ఉందని ఆచార్యులవారు వేదిక మీద ప్రకటించారు. ఇరవైమూడు అభిప్రాయాల మీద ఇరవైరెండు అధ్యాయాలు వచ్చాయి. శాకాహార కుటుంబాలలో మత్స్యసంపద పట్ల పెరుగుతున్న ఆసక్తి గురించి ఒక అధ్యాయానికి బహుమతి కూడా వచ్చింది. కన్నం గురించి అధ్యాయం లేదు. ఐదు శాతం లోపు వచ్చిన జవాబులను లెక్కలోకి తీసుకోకూడదని కేంద్రం నియమం. అభిప్రాయాలు ఇరవైమూడు, ఇళ్ళు నూటనలభైమూడు. అంత విడిపోతే ఐదు శాతం దాటేవి ఎన్ని ఉంటాయని అడిగినవారు లేరు. కేంద్రంవారు దగ్గరదగ్గర జవాబులను కలిపి కుప్పలు వేశారు. చేపలు, పడవలు జలజీవనంలో కలిశాయి, మొక్కు, రంగు సంస్కృతిలో కలిశాయి. కన్నం దేనితోనూ కలవలేదు. ఏడు ఇళ్ళంటే నాలుగు చిల్లర శాతం. ఎనిమిది ఉంటే గట్టెక్కేది.

నివేదిక అట్ట మీద మోకాలిలోతు నీళ్ళలో నిలబడిన తాతబ్బాయి బొమ్మ వేశారు. కింద పెద్ద అక్షరాలతో 'మాకు అలవాటే' అని ఉంది. ఇంటికి తెచ్చి చూపిస్తే నూకరత్నం బొమ్మ బాగుందంది. పేట మొదట్లో 'స్థితిస్థాపక పేట' అని బోర్డు పాతారు. అరుగులు, గడపలు ఎత్తు పెంచుకుంటే పాత కొలతలతో పోల్చడానికి ఉండదు కనుక ఎవరూ పెంచుకోవద్దని దండోరా కూడా వేయించారు.

ఇక లాభం లేదని పేటవారు తిన్నగా రిజిస్ట్రారుగారికే అర్జీ పెట్టుకున్నారు. మాస్టారు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. నూటనలభైమూడు సంతకాలు, మొదటిది తాతబ్బాయిది. అర్జీ రిజిస్ట్రారు నుంచి ఇంజినీరుకు, ఇంజినీరు నుంచి తోటల విభాగానికి, అక్కడినుంచి అభిప్రాయం కోసం కేంద్రానికి వెళ్ళి, నాలుగు నెలలకు జవాబై వచ్చింది. దాన్ని అందజేసే పని తాతబ్బాయిదే. తానే గేటు దాటి చుట్టు తిరిగి పేటకు తెచ్చి, తానే సంతకం చేసి పుచ్చుకుని, తానే చదివాడు.

'ప్రహరీగోడకు రంధ్రము కోరుట గూర్చి. అర్జీదారులకు తెలియజేయునదేమనగా, రంధ్రము కోరువారు పేట జనాభాలో ఐదు శాతమునకు లోబడియున్నట్లు శాస్త్రీయముగా నిర్ధారింపబడియున్నది. అర్జీపై సంతకములు నూటనలభైమూడు కలవు గాని అర్జీ అధ్యయనము కాజాలదు. అంతేగాక మొదటి సంతకము చేసిన 61వ నంబరు గృహస్థుడు సదరు అధ్యయనమున "మాకు అలవాటే" అని వాంగ్మూలమిచ్చియున్నాడు. అలవాటైనదానికి నివారణ అనవసరము. కావున ఈ అర్జీ మూసివేయడమైనది.'

తాతబ్బాయి దాన్ని రెండుసార్లు చదివాడు. తన సంతకంతో తననే కొట్టారు. ఎవరిని తిట్టాలో తెలియక ఆ పూట అన్నం తినలేదు.

జూలైలో కేంద్రం జాతీయ సదస్సు పెట్టింది. ప్రతినిధులు స్థితిస్థాపకతను కళ్ళారా చూడాలని వానలు ముదిరే వారమే చూసి పెట్టారు. కొలతలు పాడవుతాయి కాబట్టి నీళ్ళు తోడే మోటార్లు పంపవద్దని పురపాలక సంఘానికి లేఖ కూడా రాశారు. రెండోరోజు పొద్దున పదకొండు గంటలకు పేటలో మోకాలిలోతు నీళ్ళున్నాయి. నలభైమంది ప్రతినిధులు మేడ వరండాలో నిలబడి గోడ మీదుగా చూస్తున్నారు. తాతబ్బాయి కాఫీల పళ్ళెం పట్టుకుని వాళ్ళ వెనక నిలబడ్డాడు. అక్కడినుంచి తన ఇల్లు తిన్నగా కనిపిస్తుంది. నూకరత్నం ఒక్కతే గ్రైండరును పట్టుకుని ఎత్తలేక పెనుగులాడుతోంది.

ఆవిడేం చేస్తోందని ఒక ప్రతినిధి అడిగాడు. "ఆస్తుల ఊర్ధ్వ పునర్వ్యవస్థీకరణ" అన్నారు ఆచార్యులవారు. అందరూ రాసుకున్నారు.

తాతబ్బాయి పళ్ళెం కింద పెట్టి, మెట్లు దిగి, వానలో గేటు దాటి చుట్టు తిరిగి పరుగెత్తి ఇంటికి చేరాడు. ఇద్దరూ కలిసి గ్రైండరును బల్ల మీదకు ఎక్కించారు. నాలుగేళ్ళు నీళ్ళలో నానిన బల్ల కాలు ఈసారి పుటుక్కున విరిగింది. గ్రైండరు వెళ్ళి నీళ్ళలో కూర్చుంది. తొట్టిలోని పిండి తెల్లగా తేలి వీధిలోకి పోతూ ఉంటే నూకరత్నం అది కనబడినంతమేరా చూసింది.

"పోన్లేవయ్యా" అంది చివరికి. "మనకి అలవాటేనని రాయించావుగా."

ఆమె తిట్టి ఉంటే తాతబ్బాయి ఊరుకునేవాడే. తిట్టలేదు. అతను పెరట్లోకి వెళ్ళి గునపం తీసుకున్నాడు. తల మీద యూరియా సంచి కప్పుకుని గోడ దగ్గరకు వెళ్ళి, నీళ్ళలో చేయి పెట్టి కింది వరస తడుముకుని పొడిచాడు. పట్టపగలు, పైనుంచి నలభైమంది చూస్తుండగా పొడిచాడు. పేటవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

"ఇప్పుడు మీరు చూస్తున్నది, సమాజానికీ నిర్మిత పరిసరానికీ మధ్య సంభాషణ" అని వరండాలో ఆచార్యులవారు వివరించారు. ఆయన కంటికి ప్రక్రియ కనిపించింది గాని మనిషి కనిపించలేదు. ఆరో ఇటుక ఊడగానే నీళ్ళు ఉరకలేసుకుంటూ గోడ అవతలికి వెళ్ళి, వాననీటి తోటను నింపి, పాత దారి వెతుక్కుని పెద్దకాలువలోకి పోయాయి. తోట నిండటం చూసి ప్రతినిధులు చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నానికి పేటలో రోడ్డు బయటపడింది. మరుసటి రోజు కార్యక్రమం 'ముంపు క్షేత్ర సందర్శన'. ప్రతినిధులు మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని వచ్చి పొడి రోడ్డు మీద టకటకమని నడిచి వెళ్ళిపోయారు. నలుగురిలో ఆచార్యులవారి తల కొట్టేసినట్లయింది. పరిశోధనా క్షేత్రాన్ని ధ్వంసం చేసినవారెవరో తేల్చి ఉద్యోగి అయితే పింఛనుతో సహా నిలిపివేయాలని రిజిస్ట్రారు విచారణకు ఆదేశించారు. ఆ పేటను శాస్త్రీయంగా ఎరిగినవారు మరొకరు లేనందున విచారణ కేంద్రానికే అప్పగించారు. తాతబ్బాయి రిటైరుమెంటుకు ఇంకా ఏడు నెలలుంది.

మళ్ళీ హిమజ, మళ్ళీ కాగితాలు. ఈసారి ఒకటే ప్రశ్న. రంధ్రం ఎలా ఏర్పడింది? గవర్రాజు మాస్టారు ఎవరూ అడగకుండానే స్టీలు డబ్బా దింపారు. పందికొక్కులు తవ్వాయి. పిడుగు పడింది. సిమెంటులో బూడిద కలిసింది. వేరు పాకింది. గోడే విసిగిపోయి దారిచ్చింది. పంతులుగారికి గేదె పొడిచిందని వచ్చింది. చేపల కంటే నయమని ఆయన కళ్ళకద్దుకున్నారు. డబ్బా తాతబ్బాయి దగ్గరకు వచ్చింది. అతను చేయి పెట్టలేదు.

"నాకు చీటీ వద్దు మాస్టారూ. పోయినసారి తీసింది చాలు. నేను పొడిచాను, నేనే పొడిచానని చెబుతాను."

పింఛను పోతుందిరా అని మాస్టారు, పంతులుగారు, వీధి వీధంతా నచ్చజెప్పారు. తాతబ్బాయి నూకరత్నం వైపు చూశాడు.

"చెప్పనీయండి మాస్టారూ" అంది ఆమె. "రోట్లోనైనా పిండి రుబ్బి అతన్ని నేను సాకలేనా ఏంటి? కానీ రెండోసారి కూడా అబద్ధానికి సంతకం పెడితే ఈ మనిషి మళ్ళీ అన్నం తినడు."

అరవై ఒకటో ఇంట్లో హిమజ కలం ఆగింది. "నిజంగా ఇదే రాయమంటారా తాతబ్బాయి గారూ?" అని అడిగింది. రాయమ్మా అన్నాడు. ఆమె రాసింది. అతను సంతకం పెట్టాడు. మొదటిసారి కంటే గట్టిగా నొక్కి పెట్టాడు.

విచారణ సమావేశం రోజున టీలు ఇచ్చే వంతు అతనిదే. హిమజ ఫలితాలు చదివింది. పందికొక్కులు ఇరవై ఒకటి, సిమెంటు పంతొమ్మిది, పిడుగు పదిహేడు. ఆచార్యులవారి ముఖం విప్పారింది. ఇంత పరిణత సమాజాన్ని తన సర్వీసులో చూడలేదన్నారు. పేజీ చివరికి వచ్చేసరికి హిమజ గొంతు తగ్గింది. ఒక ఇంటివారు మాత్రం తామే పొడిచామన్నారని చదివింది. రిజిస్ట్రారు కుర్చీలో ముందుకు వంగి, ఎవరు వారు అన్నారు.

తాతబ్బాయి గ్లాసు బల్ల మీద పెట్టి నిటారుగా నిలబడ్డాడు.

"ఎవరైతేనేమండీ" అన్నారు ఆచార్యులవారు. "నూటనలభైమూడులో ఒకటి. ఒక శాతం కూడా లేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ప్రతి సర్వేలోనూ ఇలాంటివాడొకడు తగులుతాడు. ఐదు శాతం నియమం ఉన్నది ఇందుకే. కొట్టేయమ్మా హిమజా."

హిమజ కొట్టేసింది. ఎర్ర కలంతో ఒక్క గీత. తాతబ్బాయి అలాగే నిలబడి ఉంటే, చక్కెర తక్కువైందని ఆచార్యులవారు గ్లాసు అతని వైపు జరిపారు.

వారానికి ఉత్తర్వు వచ్చింది. జవాబులలో గల వైవిధ్యం దృష్ట్యా విచారణ గడువు మరో రెండేళ్ళు పొడిగించడమైనదనీ, అంతవరకు సదరు రంధ్రము ముఖ్య సాక్ష్యాధారము గనుక దానిని యథాతథముగా ఉంచవలెననీ, ఒక్క ఇటుకయు పెట్టరాదనీ, తీయరాదనీ, చెత్త అడ్డుపడిన తక్షణమే తొలగించవలెననీ అందులో ఉంది. కాపలాకు స్థానిక పరిజ్ఞానం గల ఉద్యోగిని నియమించమన్నారు. తాతబ్బాయికి ఒక కుర్చీ, ఒక గొడుగు ఇచ్చి కన్నం పక్కన కూర్చోబెట్టారు. అతను రిటైరయ్యేదాకా, ఎవరూ దాన్ని మూయకుండా, ప్రభుత్వ గౌరవంతో కాపలా కాశాడు. పింఛను నెల తిరక్కుండా వచ్చింది.

మరుసటి వానాకాలం పెద్దవాన పట్టిన పొద్దున నూకరత్నం అలవాటు కొద్దీ, పింఛను డబ్బుతో కొన్న కొత్త గ్రైండరు పక్కన నిలబడి వీధి గుమ్మంలోకి చూసింది. నీళ్ళు వచ్చాయి, గడప ముందునుంచి పల్లం చూసుకుంటూ గోడ వైపు పోయాయి. తాతబ్బాయి గొడుగు వేసుకుని వెళ్ళి కన్నంలో చిక్కుకున్న కొబ్బరిమట్ట లాగేసి వచ్చాడు.

"ఆ విచారణ ఎప్పటికి తేలుతుందంట?" అని అడిగింది.

"ఇంకా సమాచారం కావాలంట. హిమజమ్మ వచ్చే నెల మళ్ళీ వస్తానంది."

నూకరత్నం నానిన మినప్పప్పు నీళ్ళు వంచి తొట్టిలో పోసింది.

"రమ్మను. మాస్టారిని చీటీలు రాసి ఉంచమను" అని గ్రైండరు స్విచ్చి వేసింది.